విమానానికి మసి

అక్కా,

మీ మరిది చేసిన బుల్లి యుద్ధవిమానాన్ని పోయినేడు నమూనాల పోటీలో "కొత్త బొమ్మలా ఉంది, నిజం విమానంలా లేదు" అని పక్కన పెట్టేశారు కదా. ఈసారి ధైర్యం చేసి, నన్నొకసారి ముట్టుకోనివ్వమన్నాను. గిన్నెలు తోమే స్పాంజి ముక్కతో వెండిరంగు అద్ది, పైలట్ కాలుపెట్టే చోట రెక్క మీద రంగు లేచిపోయినట్టు చేశాను. పొగగొట్టాల వెనక పెన్సిల్ పొడి రుద్దాను. ఆయన చూడలేక కళ్ళు మూసుకున్నారు, పాపం!

మొదటి బహుమతి మనదే అక్కా! "ఈ మసి ఎవరు పట్టించారు?" అని బహుమతులిచ్చే పెద్దాయన అడిగితే, తలుపు చాటునుంచి మాట్లాడే నేను "నేనేనండీ" అని హాలంతా వినబడేట్టు అన్నాను.

నిన్న ఆయన ఇంకో విమానానికి నున్నగా రంగువేసి, నా ముందు పెట్టి, "ఇదిగో, ఇక పాడుచెయ్యి" అన్నారు.

నీ చెల్లెలు