పడవల సత్రం తూర్పు గోడ

గుణదల,
16-02-2025, ఆదివారం.

గౌరవనీయులైన ఇస్సాక్ బాబాయ్ గారి సముఖానికి డయానా చేతులు జోడించి రాసుకునేది.

ఇక్కడ మేము క్షేమం, అక్కడ మీరు, జహీదా పిన్ని గారు, ఫౌజియా క్షేమమని తలుస్తాను అని రాయబోయి ఆగాను. మీరు క్షేమంగా లేరని మీ మనవరాలు మొన్న ఫోన్లో చెప్పింది. అందుకే ఈ ఉత్తరం. ఫోన్ చేస్తే మీరు ఎత్తరు, ఎత్తినా నాకు మాట రాదు. శుక్రవారం ఆఫీసు అయ్యాక మీ వీధి మొదటి దాకా వచ్చాను కూడా. పిన్ని గారు గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతున్నారు. చూస్తే లోపలికి పిలిచి టీ పెడతారని భయమేసి, స్కూటీ అక్కడే తిప్పేసుకుని వచ్చేశాను. ముప్ఫై నాలుగేళ్ళదాన్ని, వార్డు సచివాలయంలో ఉద్యోగం చేసుకుంటున్నదాన్ని, ఒక గ్లాసు టీకి జడిసి పారిపోయాను.

అమ్మకు మోకాళ్ళ నొప్పులు అలాగే ఉన్నాయి. పోయిన వారం మేరీమాత ఉత్సవాలు. ఇల్లు నిండా చుట్టాలు, మెట్ల మీద చాపలు, బాత్రూము దగ్గర క్యూ. అమ్మ నన్ను బలవంతంగా, ఫాదర్ గారి దగ్గర తప్పులు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వరసలో నిలబెట్టింది. నా ముందు ఇద్దరే ఉన్నారనగా కాళ్ళు లాగుతున్నాయని చెప్పి బయటికి వచ్చేశాను. తెరేసమ్మ కూతురికి అప్పుడే కాళ్ళ నొప్పులా అని పక్కింటావిడ ఎగతాళి చేసింది. అమ్మ మాత్రం నవ్వలేదు, నా మొహం కేసి అలా చూస్తూ ఉండిపోయింది.

ఇక అసలు సంగతి. మీరు కమిషనర్ గారికి కాగితం రాసిచ్చారట. తూర్పు గోడ మరమ్మతు చేసింది నేనే, నా పని నిలబడలేదు, సత్రం పడగొట్టడానికి నా వైపు నుంచి అడ్డేమీ లేదు అని. కింద సంతకం కూడా పెట్టారట. తాపీ బట్టలో చుట్టి అటక మీద పడేశారని, మసీదు ప్రహరీ కోసం పెద్దలు ఇంటికి వచ్చి అడిగితే నా చెయ్యి చెడింది, వేరేవాళ్ళని చూసుకోండి అని పంపించేశారని ఫౌజియా చెప్పింది. మా తాత అన్నం మానేశాడు అక్కా, నువ్వన్నా వచ్చి చెప్పు, నీ మాటైతే వింటాడు అంది. నా మాట! ఆ పిల్లకేం తెలుసు.

నేను రేవులపాడు మున్సిపాలిటీకి వచ్చిన కొత్తలో నాకు సిమెంటు తప్ప ఇంకో లోకం తెలియదు. డిప్లొమా చదివినంత మాత్రాన గోడ గురించి తెలిసిపోయిందనుకునేదాన్ని. నాలుగేళ్ళ కిందట సత్రం మరమ్మతు పని నాకు అప్పగించినప్పుడు గానుగ సున్నం అంటే ఏమిటో మీరే చూపించారు. కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు ఎందుకు పోస్తారో, ఆఖరి పూతలో గుడ్డు సొన ఎందుకు కలుపుతారో చెప్పారు. తొందరపెడితే, సున్నానికి కోపమొస్తదమ్మా, దాని టైము దానికియ్యి అనేవారు. బందరు కాలవలో పడవలు తిరిగిన రోజుల్లో బాటసారుల కోసం ఆ సత్రం కట్టిన చేతులు మీ ముత్తాతవేనని ఎవరో చెప్పారుగానీ, మీ నోటి నుంచి ఆ మాట ఏనాడూ రాలేదు.

పని అప్పజెప్పేరోజు మీ ఇళ్ళల్లో ఉన్న ఆనవాయితీ కూడా అప్పుడే చూశాను. గోడ కట్టినవాడు పెళ్ళాం పిల్లలతో సహా ఆ గోడ కిందే కూర్చుని భోంచెయ్యాలి, అప్పుడే అది అప్పజెప్పినట్టు. పిన్ని గారు బగారా అన్నం, దాల్చా డబ్బాల్లో తెచ్చారు. నన్నూ కూర్చోమన్నారు. తూర్పు గోడకి వీపు ఆనించి మీతో పాటు తిన్నాను బాబాయ్ గారూ. రెండోసారి దాల్చా వేయించుకున్నాను కూడా.

కౌన్సిల్ వాళ్ళకి ఆ స్థలంలో షాపింగ్ కాంప్లెక్స్ కావాలని ఎప్పటి నుంచో ఉంది. రక్షిత కట్టడాల జాబితాలో ఉంది కాబట్టి చెయ్యి వెయ్యలేకపోయారు. గోడ కదులుతోంది, మనుషుల మీద పడే ప్రమాదం ఉంది అని ఇంజనీరింగు వాళ్ళు రాసిస్తే తప్ప ఆ జాబితా నుంచి తీయరు. పోయిన వేసవిలో తూర్పు గోడ మీద పగులు కనిపించగానే ఇదే సందని లేచారు. ఆరు నెలలు గమనించి రిపోర్టు ఇమ్మని ఆ పని నా నెత్తిన పెట్టారు.

గాజు పలక సంగతి చెప్పింది మీరే. పగుళ్ళన్నీ పగుళ్ళు కాదమ్మా, కొన్ని ముసలోళ్ళ మొహం మీద ముడతల్లాంటియ్యి, ఏది ఏందో గాజుకి తెలుస్తది అన్నారు. పగులుకి అడ్డంగా పల్చటి గాజు పలక పెట్టి, రెండు చివర్లా సున్నం ముద్ద వేసి, దాని మీద తారీఖు గీశాం. గోడ వెంట్రుకవాసి కదిలినా పలక విరుగుతుంది. మధ్యలో ఎవరైనా దాన్ని కదిపినా, ఊడిపోయినా లెక్కలోకి రాదు, కొత్త పలక పెట్టి ఆరు నెలలు మళ్ళీ మొదటి నుంచి చూడాలి అని రూలు కూడా మీరే చెప్పారు, రిపోర్టు ఫారంలో నేనే రాసుకున్నాను. జులై పదిన పెట్టాం. సెప్టెంబరులో బెజవాడ మునిగి, కాలవ కట్ట నిండా పారినప్పుడు కూడా పలక చెక్కుచెదరలేదు. ఆ రోజు మీకు ఫోన్ చేసి చెబితే పిన్ని గారికి వినపడేలా గట్టిగా నవ్వారు.

డిసెంబరు ముప్పయ్యిన, గడువు ఇంకా పదకొండు రోజులు ఉందనగా, పలక విరిగింది. విరిగింది అని రాశాను. ఫోటో తీసి పెట్టాను. ఉన్నది ఉన్నట్టు రాయడమే నా ఉద్యోగం కదా.

జనవరి ఇరవై నాలుగున కౌన్సిల్ మీటింగు. మీరు ఉతికిన తెల్ల చొక్కా వేసుకొచ్చారు. వెనక బెంచీలోంచి ఒక కౌన్సిలరు లేచి, గుడ్డు సొన, బెల్లం నీళ్ళు పోస్తే అది గోడ అవుద్దా, ఆమ్లెట్ అవుద్ది గానీ అన్నాడు. హాలంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. గట్టిగా కాదు, మా పై ఆఫీసరు ఏఈ గారు నా వైపు చూస్తున్నారని పెదవి కొసన నవ్వాను. మీరు సరిగ్గా అప్పుడే నా వైపు చూశారు.

తర్వాత మీరు లేచి, ఎవరితోనూ మాట్లాడకుండా, నన్నొక్కదాన్నే అడిగారు. పలక విరిగిన మాట నిజమేనా అమ్మా అని. విరిగిందండి అన్నాను. ఆ ముక్కలు ఒకసారి చూపిస్తావా అన్నారు. ఆఫీసు ఫైల్లో పెట్టేశామండి, ఇప్పుడు తీయడం కుదరదు అన్నాను. మీరు, గాజు చెప్పాక నేను చెప్పేదేముంది, నా పనే చెడిపోయుంటది అని కూర్చున్నారు. సత్రం పడగొట్టడానికి ఒప్పుకునేవాళ్ళని చేతులెత్తమంటే ఇద్దరు ముగ్గురు తప్ప అందరూ ఎత్తారు. ఎత్తినవాళ్ళలో ఒక్కరి మొహం కూడా నాకు గుర్తు లేదు, మీరు కండువా నోటికి అడ్డం పెట్టుకుని మెట్లు దిగడం మాత్రం గుర్తుంది.

ఆ రోజు మిమ్మల్ని ఆపి ఒక్క మాట అనలేకపోయినందుకు సిగ్గుపడుతున్నాను. మేస్త్రీ గారి పనిని వెక్కిరించకండి అని అనడానికి నాకు ఏ రూలూ అడ్డం రాలేదు. నోరు లేవలేదు, అంతే. క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం చెల్లడం లేదు.

కానీ మీరు ఆ కాగితం వెనక్కి తీసుకోవాలి. గురువారం, ఇరవయ్యో తారీఖున, పురాతన కట్టడాల వాళ్ళు సత్రం చూడటానికి వస్తున్నారు. గోడ బాగు చేసినవాడే చెడిందని రాసిచ్చాక ఇంకెవరూ ఆపలేరు. పలక విరగడానికి మీ పనే కారణం కానక్కరలేదు. ఆ రోడ్డు మీద ఇసుక లారీలు ఎంతలా తిరుగుతున్నాయో మీకు తెలుసు, ఆ అదురుకి విరిగి ఉండొచ్చు. గవర్నర్‌పేటలో నేను కొన్న గాజు చవకరకం, దాంట్లోనే లోపం ఉండొచ్చు. డిసెంబరు చలికి బిగుసుకుని ఉండొచ్చు. ఇవన్నీ మీరు ఆ వచ్చినవాళ్ళకి చెప్పండి. నేను చెబితే ఆఫీసు మనిషిని, రిపోర్టు రాసి మళ్ళీ మాట మార్చిందంటారు. మీరు పెద్దవారు, మీ మాటకి విలువ ఉంటుంది.

అన్నం మానకండి. పిన్ని గారికి నా నమస్కారాలు. ఫౌజియాని పరీక్షలకి శ్రద్ధగా చదువుకోమన్నానని చెప్పండి.

మీ దగ్గర పని నేర్చుకున్న,
డయానా.

తా.క. సోమవారం పొద్దున, పోస్టాఫీసు బల్ల మీద రాస్తున్నాను.

నిన్న కవరు అంటించబోయే ముందు ఉత్తరం ఇంకోసారి చదువుకున్నాను. లారీలు, చవక గాజు, చలి అన్నీ నేను కల్పించినవే. గుమ్మడికాయ దొంగ భుజాలు తడుముకున్నట్టు మూడు కారణాలు వెతికి, వాటిని మీ నోట చెప్పించాలని చూశాను. ఈ వయసులో మీ చేత నా అబద్ధం మోయించబోయాను. పైన రాసింది కొట్టేయడం లేదు. అది కూడా మీరు చూడాలి.

ఆ పలక విరగ్గొట్టింది నేను.

డిసెంబరు ముప్పయ్యిన దాని మీద దుమ్ము పేరుకుని తారీఖు కనపడలేదు. తారీఖు కనపడేలా జియో ట్యాగ్ ఫోటో పెట్టకపోతే ఆఫీసు వాట్సాప్ గ్రూపులో అందరి ముందూ అడుగుతారు. స్టూలెక్కి చున్నీతో తుడుస్తున్నాను. స్టూలు ఒరిగింది. పడిపోతానని గోడకి చెయ్యి ఆనించబోతే, అరచెయ్యి పలక మీద పడింది. మూల విరిగి రెండు ముక్కలు చేతిలోకి వచ్చాయి. విరిగింది పగులు దగ్గర కాదు బాబాయ్ గారూ, పగులుకి జానెడు పక్కన. మీరు చూసి ఉంటే ఒక్క క్షణంలో పట్టేసేవారు. అందుకే ఫైల్లో ఉన్నాయన్నాను. మీరు అడిగినప్పుడు అవి నా ఒళ్ళో ఉన్న హ్యాండ్‌బ్యాగులోనే ఉన్నాయి.

ఆ రోజు చెప్పి ఉంటే పోయేదేమిటి? ఆరు నెలలు మళ్ళీ మొదటి నుంచి చూడాల్సి వచ్చేది. కౌన్సిల్ వాళ్ళు తిట్టేవారు, ఏఈ గారు ఒక మెమో ఇచ్చేవారు. అంతే. ఆ తిట్లకి జడిసి, ఫారంలో పలక విరిగినదా అన్నచోట అవును అని టిక్కు పెట్టాను. ఎవరు విరగ్గొట్టారని అక్కడ అడగలేదు కదా అని సర్దిచెప్పుకున్నాను. ఎవరూ నాకు డబ్బివ్వలేదు, ఎవరూ బెదిరించలేదు. అదైనా ఉంటే చెప్పుకోవడానికి ఒక సాకు ఉండేది.

ఇదంతా తెల్ల కాగితం మీద రాసి సంతకం పెట్టి, గాజు ముక్కలు కూడా కట్టి, కమిషనర్ గారికి ఒకటి, గురువారం వచ్చేవాళ్ళకి ఒకటి ఇప్పుడే స్పీడ్ పోస్టులో వేశాను. రసీదులు చేతికి వచ్చాకే ఈ నాలుగు ముక్కలు రాయడానికి కూర్చున్నాను. ముందు మీకు చెబితే మీరు నన్ను క్షమించేస్తారు, అప్పుడు అవి వెయ్యకుండా ఇంటికి పోతానని నాకు తెలుసు. అమ్మకి ఇంకా చెప్పలేదు. సాయంత్రం చెప్పాలి.

మీ కాగితం వెనక్కి తీసుకోండి. తాపీ అటక మీది నుంచి దింపండి. గోడ ఒక్క నూలు కూడా కదల్లేదు.

డ.