ఎత్తిన వంతెన

చిరంజీవి మారెన్‌కు అమ్మమ్మ ఆశీస్సులు.

ముందుగా ఒక దిద్దుబాటు. నేను కథ నడుపుతుంటే మీరంతా పాచికలేసి ఆడే మన గురువారం ఆటలో, తాతయ్య కోసం నేను తయారుచేసిన పాత్రకి "కాస్త బలం ఎక్కువైనట్టుంది" అని రాశావు. కాస్త కాదు. అది ఆటను పూర్తిగా మింగేసింది. ఇక్కడ అందరం క్షేమమని రాయడం మర్యాద కనుక రాస్తున్నాను. అందులో నిజం పాలెంతో చివరిదాకా చదివి నువ్వే తేల్చుకో. కొడియాక్‌లో నువ్వు పనికి చేరిన ఆ చేపల ఫ్యాక్టరీ వాళ్ళు నీకు మంచి చేతితొడుగులు ఇచ్చారో లేదో రాయనే లేదు.

ఆట పుస్తకంలో ఉన్న యోధుడి పాత్రే ఇవ్వచ్చుగా అని అడిగావు. ఇచ్చాను. పక్షవాతం తర్వాత ఆయనకు మిగిలిన మాటలు నీకు తెలుసు: "ఆగు", "సరే", ఇంకొకటి ఉత్తరంలో రాయదగింది కాదు. యోధుడేమో ఏ ఆయుధంతో, ఎవరిని, ఎక్కడినుంచి కొడతాడో చెప్పాలి. ఆయన నోరు తెరిచి, మూసి, మెట్లవైపు చూశారు. అందుకే ఉన్న మాటలకు సరిపడే పాత్రను నేనే అల్లాను. వంతెనకాపరి. ఉద్యోగం చేసినంతకాలం పడవల కోసం వంతెన ఎత్తి బళ్ళను ఆపిన మనిషికి ఇంకేం కుట్టిపెట్టను? "ఆగు" అంటే ఎదురుగా ఉన్న శత్రువు ఆగాలి, అంతే. పాచిక వెయ్యనక్కర్లేదు. ఒకసారి వాడితే ఆ శక్తి అయిపోతుంది, విశ్రాంతి తీసుకుంటే తిరిగి వస్తుంది.

బడిలో లెక్కలు చెప్పి బతికినదాన్ని, ఆ చివరి ముక్కలో తప్పు కనిపెట్టలేకపోయాను. ప్రతి పోరాటానికీ తాతయ్య అలసిపోతారు. ఆయన సోఫాలో కాసేపు ఒరిగితే కథలోనూ అందరూ విశ్రాంతి తీసుకున్నట్టే అన్న పద్ధతి నువ్వు పెట్టిందే. లేచేసరికి శక్తి మళ్ళీ నిండుగా ఉంటుంది. రాక్షసుడు, ఆగు. దయ్యం, ఆగు. నెలల తరబడి నేను మేపుకొచ్చిన డ్రాగన్ రెక్క విప్పకముందే ఆగు.

"టీచర్, నా కత్తికి తుప్పు పడుతోంది," అంది రోక్సాన్. నా దగ్గర చదువుకున్నది, ఇప్పుడు నాకు జుట్టు కత్తిరిస్తున్నది, ఆ మాత్రం అనే హక్కు ఉంది.

"అన్నయ్యకు చప్పట్లు కొట్టడానికే అయితే మా ఇంట్లోనుంచి కొడతాను వదినా," అన్నాడు డెల్బర్ట్.

ఇద్దరూ మానేస్తామన్నారు. మానేస్తే బల్ల దగ్గర మిగిలేది నేనూ ఆయనా. నాతో ఆయన మాట్లాడరు. ఇంట్లో గొంతు వినపడేది ఆ గురువారం సాయంత్రమే. వాడని మాట పోతుందని, మాటలు నేర్పే అమ్మాయి నన్ను వసారాలోకి పిలిచి మరీ చెప్పింది.

ఆ శక్తి ఇక రోజుకు ఒక్కసారే అన్నాను. తాతయ్య దాన్ని దారికి అడ్డొచ్చిన మేక మీద ఖర్చుపెట్టేసి, ఆ తర్వాత చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. పాచిక వెయ్యమన్నాను. అది చేతిలోంచి జారి పొయ్యి కిందికి పోయింది. అందరం ఒక్కసారే వంగాం. ఆయన మా వీపులు చూస్తూ ఉండిపోయారు.

ఇంతదాకా తప్పించుకున్నది ఇప్పుడు రాస్తాను. పోయిన గురువారం కొత్త నియమం పెట్టాను. వంతెన లేస్తే రెండు వైపులా ఆగాలి, శత్రువులే కాదు, మనవాళ్ళు కూడా. కాపరి "వెళ్ళండి" అనేదాకా ఎవరూ కదలకూడదు. లెక్కకు చక్కగా సరిపోయింది. ఆ మాట ఆయనకు ఇంకా రాలేదని నాకు తెలుసు. తెలిసే పెట్టాను. అవసరం తరిమితే వస్తుందనుకున్నాను.

"ఆగు," అన్నారు. రాక్షస సైన్యం ఆగింది, రోక్సాన్ ఆగింది, డెల్బర్ట్ ఆగాడు. ఎదురుచూశాం. ఆయన పెదవులు కదిలాయి, మెడ నరాలు బిగిశాయి. మొదటి అక్షరం కూడా రాలేదు. రోక్సాన్ తెచ్చిన కోడి బూయా పులుసు చల్లారి పైన కొవ్వు పేరుకుంది.

"ఆ నియమం కొట్టెయ్ వదినా. మనిషిని చంపుతున్నావు," అన్నాడు డెల్బర్ట్.

రబ్బరు తీసుకున్నాను. తాతయ్య ఆ నియమం రాసిన కాగితం మీద అరచెయ్యి ఆనించారు. ఎంతకీ తియ్యలేదు.

ఆ తర్వాత ఆయన నోట "ఆగు" కూడా రాలేదు మారెన్. "సరే" కూడా లేదు. కనీసం ఆ మూడో మాటైనా వస్తుందని కాఫీలో ఉప్పు కలిపి ఇచ్చాను. తాగేశారు. ఉన్న మాటల్ని కూడా నేనే పోగొట్టానేమో. వంట చేస్తూ పొయ్యి ముందు నిలబడితే ఏం చేస్తున్నానో మరిచిపోతున్నాను.

నిన్న రోక్సాన్ కొట్టుకు వెళ్ళి, మానేస్తానన్నావుగా, మానెయ్యి, నేనేమీ అనుకోను అన్నాను. అది కత్తెర ఆపలేదు. "ఎక్కడికి మానేది టీచర్? వంతెన లేచి ఉంది, నేను ఇవతలి గట్టున ఇరుక్కున్నాను. ఆయన దించేదాకా వస్తూనే ఉంటాను. బూయా మాత్రం ముందే తినేద్దాం." డెల్బర్ట్ కూడా వస్తానని ఫోన్ చేశాడు, గొణుగుతూనే.

ఈ ఉదయం తాతయ్య మన పాత్రల బొమ్మల్ని ఎడమచేత్తో ఆట పటం మీది వంతెన ముందు వరసగా నిలబెట్టి, మధ్యలో ఒక చోటు ఖాళీ వదిలారు. నేను దగ్గరికి జరిపితే, మళ్ళీ విడదీసి వదిలారు. అది నీ చోటు.

నీ విలుకత్తె బొమ్మ నీ సామాన్లతోనే అక్కడికి వెళ్ళిపోయింది. వెతికి తియ్యి. విల్లు విరక్కుండా అట్టముక్క కట్టి, మందపాటి మేజోడులో చుట్టి, ఈ ఉత్తరం అందాక వచ్చే గురువారంలోగా చేరేలా పంపు. పోస్టాఫీసు తొందరగా మూసేస్తారన్నావు కనుక భోజనం వేళే వెళ్ళు. మేజోడు ఉతికినదై ఉండాలి.

ఇట్లు,
ఇవతలి గట్టు నుంచి,
నీ అమ్మమ్మ