బకెట్టు మీద పేరు

క్యాంపస్ మహిళా హాస్టల్,
నంద్యాల.

కొత్తగా చేరే చెల్లెళ్లకు,

నాగవేణి రాయునది. నేను ఆఖరి సంవత్సరం, హాస్టల్ విద్యార్థినుల కమిటీ కార్యదర్శిని. నల్లమల గూడెం నుంచి వచ్చినదాన్ని. వచ్చిన కొత్తలో నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. అందుకే మీకు చెప్తాండా.

బకెట్టు, మగ్గు, తాళం తెచ్చుకోండి. బకెట్టు మీద పేరు రాయించుకోండి. మీ పేరు. పచ్చడి తెస్తే గదిలో అందరికీ సరిపడా తేండి. దాచుకున్న పచ్చడికి ముందు చీమలొస్తాయి, తర్వాత పక్క మంచమోళ్లొస్తారు. ఊరికి పోయేటప్పుడు మెస్సులో దానమ్మక్కకు ముందురోజే చెప్పండి. చెప్పకుంటే మీ అన్నం వృథా అవుతుంది, ఆమె తిట్లు మాత్రం వృథా కావు. ఏడుపొస్తే మిద్దె మీదికి పోయి ఏడవండి. బాత్రూములో ఏడిస్తే బయట క్యూ ఆగిపోతుంది. మొదట్లో ఇల్లు గుర్తొచ్చి ఏడుస్తారు, ఆనెక అన్నం బాగాలేదని ఏడుస్తారు, చివరికి సెలవులకు ఇంటికి పోవాలంటే ఏడుస్తారు. క్లాసులో ప్రశ్న అడిగితే తప్పైనా సరే జవాబు చెప్పండి. తల వంచుకున్న పిల్లనే లెక్చరర్లు రోజూ లేపుతారు.

అమ్మానాయనలు నెలలో రెండో ఆదివారం మాత్రమే రావాల. మిగతా రోజులు మీవి.

ఇట్లు,
మీకన్నా ముందు ఏడ్చిన
నాగవేణి

తా.క.: ఈ కాగితాన్ని పెట్టె అడుగున పరచొద్దు. నిరుడు అందరూ అదే పని చేసినారు.


ఆళ్లగడ్డ.

హాస్టల్ యాజమాన్యానికి,

మహారాజశ్రీ అని మొదలుపెట్టను. మహారాజులను దించడానికి జనం పడ్డ పాట్లు నేను రోజూ పిల్లలకు చెప్పే పాఠం. నా పేరు యెషయా. హైస్కూలులో సోషల్ టీచరును, ఉపాధ్యాయ సంఘం డివిజన్ కార్యదర్శిని, మొన్న మీ హాస్టల్లో చేరిన బి.ఏ. మొదటి సంవత్సరం జ్యోత్స్నకు తండ్రిని. ఫోనులో మాట గాలికి పోతుంది. అందుకే రిజిస్టరు పోస్టులో రాస్తున్నాను.

మీ సూచనల కాగితం చదివాను. ఎర్ర సిరా పెన్ను పట్టుకుని చదివాను. అసలు ప్రశ్న ఏమిటంటే, ఈ సూచనలు ఎవరి ప్రయోజనం కోసం? బకెట్టు మీద పేరు రాసుకోవాలట. కాలేజీ గడప తొక్కిన పిల్లకు మీరు నేర్పే తొలి పాఠం సొంత ఆస్తా? ఏడుపొస్తే మిద్దె ఎక్కాలట. ఎందుకు ఏడుస్తున్నావని అడిగే నాథుడు లేడు గానీ, ఏడవడానికి స్థలం మాత్రం కేటాయించారు. ఈ దేశంలో ప్రభుత్వాలు నడుస్తున్నదీ ఇట్లాగే.

ఇక రెండో ఆదివారం సంగతి. జైల్లో ఖైదీని చూడటానికి కూడా ఇంతకన్నా సులువు. ఈ నిబంధన పిల్లలే పెట్టుకున్నారంటే నమ్మడానికి నా చెవిలో పువ్వు లేదు. గూడెం నుంచి వచ్చిన ఒక అమాయకురాలి చేత సంతకం పెట్టించి మీరు వెనక దాక్కున్నారు. తక్షణం పిల్లలు స్వేచ్ఛగా ఎన్నుకునే కమిటీని ఏర్పాటు చేయాలి. ఆ కమిటీ చెప్పిందే అమలు కావాలి. ఇది నా డిమాండ్.

మా జ్యోత్స్న నోరు లేని పిల్ల. ఇంట్లో ఎవరేమడిగినా ఆమె తరఫున నేనే చెప్తా. ఫోను చేస్తే ‘ఊఁ’ అంటుంది, అంతే. ఆడపిల్లల గొంతు నొక్కే ఈ సమాజంలో ఆమె గొంతు నేను. నన్ను గేటు బయట నిలబెట్టడమంటే ఆమె గొంతు నొక్కడమే.

ఇట్లు,
మీ విధేయుడు కాని
యెషయా

తా.క.: జ్యోత్స్నతో పంపిన నీలం బకెట్టు జాగ్రత్త. దాని మీద నా పేరు, హోదా, ఊరు పెయింటుతో రాయించాను. దొంగలకు భయం ఉండాలి గదా.


నంద్యాల.

యెషయా సారుకు,

మీ ఉత్తరానికి జవాబు రాయడం నా వల్ల కాలేదు. కమిటీలో ఒకామె కంప్యూటరులో కొట్టి ఇచ్చింది. చదివి సంతకం పెట్టినా. ఇక ఆమె మాట:

అసలు ప్రశ్న ఏమిటంటే, గొంతు ఎవరిది? మీరు డిమాండ్ చేసిన కమిటీ ఇప్పటికే ఉంది. మెస్సులో అన్నం డేగిసాలో చీటీలు వేసి ఎన్నుకున్నాం. వార్డెన్ మేడంకు అందులో ఓటు లేదు. రెండో ఆదివారం నిబంధన పెట్టింది ఆ కమిటీయే. కమిటీ చెప్పిందే అమలు కావాలని మీరన్నారు. అమలు చేస్తున్నాం. దీన్ని మీ విజయంగా భావించగలరు.

నాగవేణి అమాయకురాలు కాదు. మీ ఉత్తరం చదివి, “అమాయకురాలంట. ఈ సారును మా దానమ్మక్క ముందర ఒక పూట నిలబెట్టాల” అన్నది.

బుధవారం జరిగింది కూడా చర్చించుకుందాం. మీరు గేటు దగ్గర వాచ్‌మన్ శ్యాంసుందరన్నకు కార్మిక చట్టాలు బోధించారు. అవి రాసుకుందామని ఆయన పెన్ను కోసం లోపలికి పోగానే మీరూ లోపలికి వచ్చారు. ఎకనామిక్స్ క్లాసు కిటికీ దగ్గర నిలబడ్డారు. లెక్చరర్ జ్యోత్స్నను లేపి ప్రశ్న అడిగితే ఆమె నోరు తెరిచింది. జవాబు మాత్రం కిటికీలో నుంచి వచ్చింది.

నోరు లేని పిల్ల అని రాశారు. నోరుంది సార్. దానికి సందు దొరకలేదు.

ఇట్లు,
విధేయత ఆశించని కమిటీ తరఫున
నాగవేణి

తా.క.: మీ జవాబు కరెక్టే. ఆ రోజు హాజరు ఎవరికి వెయ్యాలని లెక్చరర్ అడుగుతాండాడు.


ఆళ్లగడ్డ.

అమ్మా నాగవేణీ,

నిన్ను అమాయకురాలు అన్నందుకు విచారిస్తున్నాను. మిగతాదేదీ వెనక్కి తీసుకోను.

మీ వార్డెన్ ఎవరో లాయరును పెట్టుకున్నట్టుంది. మొదటి కాగితం ఉప్పులేని సంగటి మాదిరి ఉంది. ఈ ఉత్తరంలో కారముంది. ఒకవేళ లాయరు కాకుండా నిజంగా మీ పిల్లల్లోనే ఒకరు రాసి ఉంటే, ఆ అమ్మాయికి నా అభినందనలు తెలియజేయి. ‘దానికి సందు దొరకలేదు’ అన్న వాక్యం దగ్గర కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. కోపంతోనే అనుకో, అయినా లేచాను. మా సంఘం కరపత్రాల్లో ఇట్లాంటి వాక్యం పడి ఎన్నాళ్లయిందో. ఒక్క ఉపకారం చెయ్యి. మా జ్యోత్స్నను ఆ అమ్మాయి పక్క మంచానికి మార్చు. ఆ గాలి సోకితేనన్నా నాలుగు మాటలు నేర్చుకుంటుంది.

ఇక పోరాటం సంగతి. వచ్చే ఆదివారం మీ గేటు ముందు నిరాహార దీక్షకు కూర్చుంటున్నాను. కరపత్రాలు అచ్చుకిచ్చాను. డిమాండ్ ఒకటే: గేటు తెరవాలి. తండ్రికీ కూతురికీ మధ్య ఇనుప కడ్డీలు పెట్టే హక్కు, అది ఎన్నికైన కమిటీ అయినా సరే, ఎవరికీ లేదు. ప్రజాస్వామ్యాన్ని నేను గౌరవిస్తాను, కానీ అది నాకు వ్యతిరేకంగా పనిచేస్తే ప్రశ్నించకుండా ఉండలేను.

నా భార్య ఎస్తేరుకు చెప్తే, “పోదాం పా, నేనూ వస్తా” అంది. పెళ్లయినప్పటి నుంచి నా ఏ ఉద్యమానికీ ఆమె ఇంత తొందరగా ఒప్పుకోలేదు.

ఇట్లు,
పోరాట అభినందనలతో
యెషయా

తా.క.: ఎస్తేరు పెద్ద జాడీ నిండా గోంగూర పచ్చడి నూరుతాంది. “దీక్షకు పచ్చడేందే?” అంటే, “గదిలో అందరికీ సరిపడా తేవాలంట” అంటాంది. ఆ సూచనల కాగితం ఈమె ఎప్పుడు చదివిందో నాకు తెలియదు.


నంద్యాల.

యెషయా సారుకు,

మీ అభినందనలు రాసినామెకు చెప్పినా. మిద్దె మీదికి పోయి వచ్చి ఇది కొట్టి ఇచ్చింది:

నిరసన మీ హక్కు. ఆ హక్కును కమిటీ ఏకగ్రీవంగా సమర్థిస్తోంది. ఒక్క చిక్కు ఉంది. మీరు ఎంచుకున్నది రెండో ఆదివారం. ఆ రోజు గేటు పొద్దున్నుంచి పొద్దుగుంకే దాకా తెరిచే ఉంటుంది. మీ ఏకైక డిమాండ్ గేటు తెరవడమే గనుక, దీక్ష మొదలు కాకముందే మీరు గెలుస్తారు. అయినా కరపత్రాలు అచ్చుకు పోయాయి అంటున్నారు. కార్యక్రమాన్ని ఆపమని మేము అడగం.

గేటు ముందు కొత్తగా కూర్చునేవారికి కొన్ని సూచనలు. మధ్యాహ్నం దాకా నీడ రైసుమిల్లు గోడ వైపు ఉంటుంది. గాలి తిరిగితే తవుడు కళ్లలో పడుతుంది, తువ్వాలు తెచ్చుకోండి. చాప మీదే తెచ్చుకుని దాని మీద పేరు రాయించుకోండి. ఆటోవాళ్లు వచ్చి “ఆళ్లగడ్డ, ఆళ్లగడ్డ” అని పిలుస్తారు, లేవకండి. రెండో ఆదివారం మెస్సులో కోడికూర. మెస్సు కిటికీలు గేటు వైపే ఉన్నాయి. వాసనకు కమిటీ బాధ్యత వహించదు.

సాయంత్రం మా సర్వసభ్య సమావేశం మైకు పెట్టి జరుగుతుంది. బయటి నుంచి వినవచ్చు. బయటి నుంచి జవాబులు చెప్పకూడదు.

ఇట్లు,
కమిటీ తరఫున
నాగవేణి

తా.క.: జ్యోత్స్నను ఆ రాసే పిల్ల పక్క మంచానికి మార్చడం కుదరదు సార్. ఇద్దరికీ కలిపి ఒకటే మంచముంది.


ఆళ్లగడ్డ.

అమ్మా నాగవేణీ,

దీక్ష ముగిసింది. పత్రికలకు ప్రకటన ఇవ్వడం లేదు.

తెరిచిన గేటు ముందు కూర్చుని గేటు తెరవమనడం ఎంత కష్టమో నా ఇన్నేళ్ల ఉద్యమ జీవితంలో ఎవరూ చెప్పలేదు. క్యారియర్లు పట్టుకుని లోపలికి పోయే ప్రతి తండ్రీ ఆగి, “ఏందప్పా, ఈడ కూచున్నావ్? గేటు తీసే ఉంది గదా” అని అడిగేవాడే. నందికొట్కూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన నాకు కాళ్ల నొప్పులనుకుని భుజం పట్టి లేపబోయాడు. ఎస్తేరు జాడీ చంకన పెట్టుకుని, “నువ్వు దీక్ష చేస్తాండు, నేను పోయి పాపను చూసొస్తా” అని నా కరపత్రాల మీదుగా నడిచి లోపలికి పోయింది. ఒక ఆటోవాడు నన్నడక్కుండానే నా చాప చుట్టి ఆటోలో వేశాడు. దాని మీద పేరు లేదు గనుక అది నాదని నిరూపించుకోవడానికి చాలాసేపు పట్టింది.

మధ్యాహ్నానికి మీ దానమ్మ పళ్లెం పట్టుకుని వచ్చింది. “ఏం సారూ, నిమ్మకాయ నీళ్లతో ముగిస్తారా, కోడికూరతో ముగిస్తారా?” అని అడిగింది. నేను దేనితో ముగించానో చరిత్రకు అనవసరం.

ముగించాక కూడా లోపలికి రావడానికి పంతం అడ్డొచ్చి గేటు బయటే ఉండిపోయాను. కానీ సాయంత్రం మైకులో ఒక అమ్మాయి మాట్లాడింది. మైకు కీచుమంటున్నా ప్రతి మాటా విన్నాను. “గొంతు లేనివాళ్లకు గొంతు ఇస్తామని వస్తారు, వచ్చి మన గొంతు కూడా వాళ్లే వాడుకుంటారు” అంది. తవుడు పడుతున్న కళ్లతోనే లేచి చప్పట్లు కొట్టాను. శ్యాంసుందర్ కూడా కొట్టాడు. అంతలో కరెంటు పోయింది, మిగతాది వినపడలేదు. మీ ఉత్తరాలు రాసేది ఆ పిల్లేనని నాకు రూఢి అయింది. దాచడం ఎందుకు, అట్లాంటి పిల్ల ఒక్కతి నా ఇంట్లో పుట్టి ఉంటే నా బతుకు ధన్యమయ్యేది. మా పిల్ల ఏ మూల తల వంచుకుని కూర్చుందో.

బస్సులో ఆళ్లగడ్డ వచ్చేదాకా ఎస్తేరు నవ్వుతూనే ఉంది. ఎందుకే అంటే చెప్పదు.

పోతే, ఇద్దరు ఆడపిల్లలకు ఒకటే మంచమా? అది హాస్టలా, గొర్రెల దొడ్డా? దీని మీద జిల్లా కలెక్టరుకు వినతిపత్రం తయారవుతోంది.

ఇట్లు,
అలసినా ఓడని
యెషయా

తా.క.: మిగిలిన కరపత్రాలు మీ మెస్సులో బజ్జీలు పెట్టడానికి వాడుతున్నారని విన్నాను. వెనకవైపు కూడా చదవమని చెప్పు.


నంద్యాల.

నాయనకు,

చేత్తో రాస్తాండా. నా రాత నువ్వు గుర్తుపడతావని.

కలెక్టరుకు వినతిపత్రం ఆపు. మంచం ఒకటే ఎందుకంటే మనిషి ఒకటే. ఉత్తరాలు కొట్టింది నేను. మైకులో మాట్లాడింది నేను. అట్లాంటి పిల్ల నీ ఇంట్లోనే పుట్టింది నాయనా. ఇన్నేళ్లూ భోజనాల దగ్గర నీ ఎదురుగానే కూర్చుంది.

‘అసలు ప్రశ్న ఏమిటంటే’ అని మొదలుపెట్టేది మన జిల్లాలో ఇంకెవరు? పప్పులో ఉప్పు తగ్గినా నువ్వు అట్లే మొదలుపెడతావు. నాకు మాట్లాడే సందు లేదు గనుక వినడమే చేసినా. విన్నదంతా లోపల పోగుపడింది.

నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజు నేను మిద్దె మీద ఏడుస్తాండా. నాగవేణక్క వచ్చి పక్కన కూచుంది. “మీ నాయనకు జవాబు రాయాల. ఆయప్పతో వాదించే మనిషి యాడ దొరుకుతుంది?” అనింది. నేను చెయ్యెత్తినా. దానికే నన్ను కమిటీలోకి తీసుకున్నారు. అమ్మకు మాత్రం ఫోను చేసి చెప్పినా. తను నీకు చెప్పబోయిందంట, నువ్వు సందివ్వలేదంట.

కరెంటు పోయినాక నేను చెప్పింది నీకు వినపడలేదు గదా. గట్టిగా అరిచి చెప్పినా. నాలుగో ఆదివారం కూడా అమ్మానాయనలను రానియ్యాలని తీర్మానం పెట్టినా. గేటు బయట తవుడులో ఒక మనిషి కూచున్నాడు, ఆయనకు ఎట్లా అడగాలో తెలీక దీక్ష చేస్తాండాడు, ఆయన తరఫున నేను మాట్లాడతాండా అని చెప్పినా. అక్కావాళ్లు ఎదురు వాదించినారు. గెలిచినా.

వాళ్లు ఒక షరతు పెట్టినారు. వచ్చే ఏడాది సూచనల కాగితానికి వెనక పేజీ చేర్చాలంట, కొత్త నాయనలకు. రాసే పని నాదే. కిటికీల దగ్గర నిలబడొద్దు. ప్రశ్న నిన్ను అడిగితేనే జవాబు చెప్పు. నీ పిల్ల నోరు తెరిచినాక మాట బయటికి రావడానికి కాస్త టైము పడుతుంది, అంతవరకూ ఆగు. ఏడుపొస్తే బస్సులో కిటికీ పక్కన కూచో, గాలికి కళ్లు మండినాయని చెప్పొచ్చు. ఇంతవరకు వచ్చింది. తప్పులుంటే ఎర్ర సిరాతో దిద్ది పంపు. అర్థం మార్చొద్దు.

ఇట్లు,
నీ కూతురు, కమిటీ సంయుక్త కార్యదర్శి
జ్యోత్స్న

తా.క.: బకెట్టు మీద రాతను థిన్నరు పోసి రుద్దినా. హోదా పోయింది, ఊరు పోయింది, నీ పేరు మాత్రం పోలేదు. మంచి పెయింటు వేయించినావ్. సరేలే అని దాని కిందనే నా పేరు రాసుకున్నా. బకెట్టును ఎవరూ ముట్టలేదు గాని మగ్గు పోయింది. నాలుగో ఆదివారం వచ్చేటప్పుడు ఒక మగ్గు తీసుకురా. ఉత్తదే తే. పేరు నేను రాసుకుంటా.