ఇంటి లాగ్ బుక్కులో చదవకుండా పెట్టిన సంతకం గురించి

నీటి సరఫరా విభాగం ఇంజనీరు గారి సముఖమునకు,
తమ పంప్ హౌస్ ఆపరేటర్లలో ఒకరికి తల్లి, ఇంకొకరికి అత్త అయిన రిటైర్డు హెడ్‌మిస్ట్రెస్ సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా కొడుక్కీ కోడలికీ ఈ నెలాఖరులోగా ఒకే తేదీన సెలవు మంజూరు చేయుట గురించి.

సూచిక: మూడేళ్ల కిందటి అర్జీ, దాన్ని తమ కార్యాలయం మన్నించిన ఉత్తర్వు.

1. పాపకు రెండేళ్లప్పుడు, తల్లిదండ్రుల్లో ఎవరో ఒకరు ఎల్లవేళలా ఇంట ఉండునట్లు షిఫ్టులు వేయవలసిందని తమకొక అర్జీ అందినది. సంతకాలు వాళ్లవి, రాత నాది. ముప్పై ఒక్క ఏళ్లు బడి నడిపినదాన్ని, నేను రాస్తే కాదన్నవాళ్లు లేరు. తమరూ అనలేదు. కోడలికి పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు, కొడుక్కి సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఆరు. అడిగింది అడిగినట్టే ఇచ్చే అధికారి ఇంత ప్రమాదమని నాకప్పుడు తెలియదు.

2. వారానికొక రోజు ఒక్కొక్కరి బదులు డ్యూటీ చేసి విడిపించే పెద్దాయన ఆరు నెలల కిందట రిటైరయ్యాడు. ఆ కుర్చీ నేటికీ ఖాళీ. కనుక ఇద్దరికీ వారపు సెలవు లేదు. రెండుసార్లు సెలవు చీటీ పెట్టారు, రెండుసార్లూ ‘విడిపించువారు లేనందున తిరస్కరించడమైనది’ అని వచ్చింది. ఒకే ఇల్లు, ఒకే మంచం, ఒకరు లేచాక ఒకరు పడుకుంటారు. దిండు చల్లారడం లేదు గానీ కాపురం చల్లారుతోంది.

3. మరి డ్యూటీ మారేటప్పుడు కలుస్తారు కదా అని తమరు అనవచ్చు. కలుస్తారు. ఎక్కేవాళ్లు లాగ్ బుక్కులో సంతకం పెట్టందే దిగేవాళ్లు కదలకూడదు గనక, రెండు నిమిషాలు. నాలుగు మోటార్ల హోరు, అది వినబడకుండా ఇద్దరి చెవులకూ డిప్పలు. దిగినవారు తక్షణం గేటు దాటవలెనని ఒక సర్క్యులరు. ఫోన్లు గేటు దగ్గరే ఉంచవలెనని ఇంకొకటి. ఇంటికి అరగంట సైకిలు. ఆమె వచ్చేసరికి అతను అక్కడ, అతను వచ్చేసరికి ఆమె అక్కడ.

4. అందుచేత ఇంట్లోనూ ఒక లాగ్ బుక్కు పెట్టుకున్నారు. వంటింటి గూట్లో ఉంటుంది. తమ పుస్తకంలాగే సమయం, స్థితి, రిమార్కులు, సంతకం అని గీతలు కొట్టారు. మొదట్లో చదవడానికి సరదాగా ఉండేది (చదివాను, దాచను). ‘కూరలో ఉప్పు తక్కువ, నన్ను తలుచుకుని వేసుకోండి’ అని ఆమె రాస్తే, ‘తలుచుకున్నాను, ఎక్కువైంది’ అని అతను. రాను రాను ‘పాప దగ్గు, మందు ఇచ్చాను’, ‘గ్యాసు అయిపోయింది’. ఇప్పుడు అదీ లేదు, ‘నార్మల్’ అని ఒక్క ముక్క. మోటార్లకు అది శుభమే.

5. అసలు సంగతి ఇది. మొన్న సోమవారం కోడలు అందులో ఇలా రాసింది: ‘నాకు ఓపిక అయిపోయింది. ఒకటో తారీఖు నుంచి పాపా నేనూ అక్క ఇంట్లో ఉంటాం. వద్దంటే చెప్పండి.’ పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చిన నా కొడుకు, సగం కళ్లు మూసుకుని, అలవాటు కొద్దీ దాని కింద ‘చూశాను. చార్జి తీసుకున్నాను’ అని సంతకం పెట్టి పడుకున్నాడు. తమరు నేర్పిన అలవాటే. సాయంత్రం కోడలు అది చూసి పుస్తకం మూసి, అటక మీది పెట్టె దించింది.

6. నేను ఊరుకోలేదు. వాడు చదవలేదమ్మా, నిద్రమత్తులో గీకాడు అన్నాను. “మీరు చెబుతున్నారు అత్తయ్యా. ఆయన సంతకం ఇంకోటి చెబుతోంది” అంది. తప్పు పట్టలేను, సంతకానికి విలువ ఉండాలని నేనే పిల్లలకు పాఠం చెప్పినదాన్ని.

7. వాడికి మర్నాడు చెప్పాను. ఆ సాయంత్రం పంప్ హౌస్‌లో, చదవకుండానే సంతకం పెట్టానని గొంతు చించుకుని అరిచాడట. ఆమె చెవి డిప్ప చూపించి, టైము చూపించి వచ్చేసింది. అప్పటి నుంచి వాడు పగలు నిద్రపోవడం మానేశాడు. గూటి ముందు పెన్ను పట్టుకుని కూర్చుంటాడు. నాలుగు ముక్కలు రాస్తాడు, కొట్టేస్తాడు. నిన్న అడిగితే, “ఇది ఆ గడిలో పట్టడం లేదమ్మా” అన్నాడు. నాలుగు రోజులుగా నిద్ర లేని మనిషి చేతిలో తమ నాలుగు మోటార్లు ఉన్నాయని కూడా దయతో గమనించగలరు.

ఒకటో తారీఖుకు నేటి నుంచి ఎనిమిది రోజులే ఉంది. కావున, ఈలోగా ఒక్క రోజు ఇద్దరికీ కలిపి సెలవు ఇప్పించండి. పక్క పంపింగ్ స్టేషను నుంచి మనుషుల్ని పంపినా సరే, తమరే వచ్చి కూర్చున్నా సరే. గంటకోసారి మీటరు చూసి రాయడమే పని, తమ దస్తూరీ బాగుంటుందని విన్నాను. మొదటి అర్జీతో అడుసు తొక్కింది నేనే. కాలు కడుక్కోవడానికి నీళ్లు మాత్రం తమ దగ్గరే ఉన్నాయి.

నా వల్ల పుట్టిన తప్పును నేను పోయేలోగా తమ చేతుల మీదుగా సరిచేయించవలెనని, ఈ ఒక్కసారికి చిత్తగించవలెనని వేడుకొను,

తమ విధేయురాలు,
ఆపరేటరు తల్లి, ఆపరేటరు అత్త

తా.క.: కవరు అంటించేలోపు కోడలు డ్యూటీ దిగి వచ్చింది. దాచే వయసు కాదు నాది, చేతికిచ్చాను. చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి చదివింది. ఏడో అంశం దగ్గర ఆగింది.

“నిద్రపోవడం లేదా?”

లేదన్నాను. నా చేతిలోంచి పెన్ను తీసుకుని, ‘ఒక్క రోజు’ అన్నది కొట్టేసి, పైన ‘రెండు రోజులు’ అని రాసింది.

“ఒక రోజు ఆయన నిద్రకే సరిపోతుంది అత్తయ్యా” అంది.