మైకు మింగిన సగం మాట

ప్రభుదాస్ బామ్మర్దీ,

జైనూర్ శంకరవ్వను దేవుడు విడిచిపెట్టిండా? నీ నోటితోటి చెప్పు! విడువలేదని నాకు తెలుసు, నీకు తెలుసు. ఆమెకే తెల్వది. దానికి కారణం నా కారుల బ్యాటరీకి కరెంటు నింపుతదని నువ్వు బిగించిన చిన్న ఆల్టర్నేటర్.

పోయిన అంగడినాడు కారు మీద మైకు కట్టి దేవుని వాక్యం చెప్తున్న. పొద్దుగూకుతుంటే లైట్లు కూడా వేసిన. శంకరవ్వ మిర్చి గంపతోటి అంగడి ఆ చివరన కూసున్నది. "శంకరవ్వా, దేవుడు నిన్ను విడిచిపెట్టిండు అనుకుంటున్నవా? ఎన్నడూ విడువడు!" అన్న. "విడిచిపెట్టిండు" దాకా మైకు గర్జించింది. అంతే, బ్యాటరీ కూసున్నది.

ఆమె వారం నుంచి గంజి తప్ప ముట్టలే. ఇంటికి పోయి చెప్తే, "అయ్యగారూ, అందరి ముందట మైకుల అంటివి, ఇప్పుడు చెవుల చెప్తవా? మైకులనే చెప్పు" అన్నది.

పెద్దది బిగించుమంటే "బావా, వాక్యానికి గంత కరెంటెందుకు?" అని నవ్వినవు కదా! బైబిల్ల నూనె లేని దీపాలతోటి పెండ్లికి పోయిన అయిదుగురు కన్యకల గతి మర్చిపోయినవా? వాళ్లకు తలుపు తెరువలే!

కారును నూకి స్టార్టు చేసి, డ్రైవర్ హనుమంతుతోటి ఈ ఉత్తరం పంపుతున్న. ముప్పై అయిదు యాంపియర్లది పీకి అరవైది బిగించు. వైరు కూడా లావుది వెయ్యి, పాతది కాలుతది. రేపే మళ్ల అంగడి. శంకరవ్వ బువ్వ నీ చేతుల ఉన్నది. చాయ్ తర్వాత తాగుదువు గాని, లే, పానా పట్టు, ఇప్పుడే!