ఎవరమ్మా నువ్వు

ప్రియమైన గడుగ్గాయికి,

నాకు మోకాళ్ళ నొప్పులని నీ పేజీలో లోకానికంతా చాటావట. తప్పు. మోకాళ్ళ నొప్పులు మా అక్కకి. నాది గుండె. పోయిన నెలే రాశాను. చదివే ఉంటావు, చదివింది గుర్తుంచుకునే పని ఈమధ్య ఎవరూ పెట్టుకోవడం లేదు. ఎదురింటి దర్జీ తన ఫోనులో చూపించాడు: వేలమంది నా మోకాళ్ళకి నూనెలు చెప్పారు. ఒక్కరూ మెట్లెక్కి రాలేదు.

ఆపరేషను వచ్చే నెల మొదటి గురువారం. పక్కన ఉండి సంతకం పెట్టే దగ్గరి మనిషి ఎవరని ఆసుపత్రివాళ్ళు అడిగారు. మీ నాన్న బతికుంటే వాడి పేరు చెప్పేదాన్ని. నీ పేరు చెప్పాను. నాకు స్పృహ లేనప్పుడు నా తరఫున ఔననడానికైనా కాదనడానికైనా నన్నెరిగిన మనిషి కావాలి కదా. అందుకని ఈ ఆదివారం రా. నువ్వొచ్చి ఆరేళ్ళయింది. ఒక గంట కూర్చో. ఫోను మాత్రం చెప్పులతో పాటు గుమ్మం దగ్గర వదులు.

అక్క ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది. మతి పోయింది, నన్ను కూడా పోల్చుకోదు. జలుబు తగలకూడదని డాక్టరు నా మూతికి మాస్కు కట్టించాడు. ఇన్నాళ్ళకి వీధికి శాంతి దొరికిందని దర్జీ సంబరపడుతున్నాడు.

నోరు తప్ప అన్నీ అరిగిన
నీ బామ్మ

*

ప్రియమైన బామ్మా,

నీ దస్తూరీ చూసి అందరూ ముచ్చటపడ్డారు. మొదటి కాగితం ఫోటో తీసి పెట్టాను. రెండోదాంట్లో నీ ఆరోగ్యం సంగతులున్నాయని పెట్టలేదు, అంతమాత్రం మర్యాద నాకూ తెలుసు.

సంతకం గురించి దిగులు పడకు. నేను కాక నీకెవరున్నారు? ఆదివారం తప్పకుండా వస్తాను. ఫోను మాత్రం వదల్లేను. నా "బామ్మా నేనూ" పేజీ చూసేవాళ్ళంతా నిన్ను సొంత బామ్మ అనుకుంటున్నారు. ఆపరేషనుకి ముందు ఒక్కసారైనా నిన్ను చూపించకపోతే బాధపడతారు. గుమ్మంలోంచే లైవ్ మొదలుపెడతాను. నువ్వేం చెయ్యక్కర్లేదు, నువ్వు నువ్వులా ఉంటే చాలు. ఆ బూడిదరంగు శాలువా ఒక్కటి బయటికి తీసి ఉంచు.

నీ గడుగ్గాయి

*

ప్రియమైన బామ్మా,

ఆదివారం నుంచి నా కళ్ళు ఆరలేదు. వాటేసుకోగానే నువ్వు నా మొహంలోకి చూసి "ఎవరమ్మా నువ్వు?" అన్నావే, జనం పడీపడీ నవ్వారు. ఆరేళ్ళు రాలేదని దెప్పావని నాకు తెలుసులే. ఆ వెటకారం నీకే చెల్లింది. నీ చేతులు ఇప్పటికీ ఎంత మెత్తగా ఉన్నాయో. ఇంకాసేపు ఉండేదాన్నే, కింద కారు ఆగి ఉంది. మీ అక్కయ్యను చూడలేకపోయాను, లోపల నిద్రపోతున్నారేమో.

తలుపు తీసిన ఆంటీకి థాంక్స్ చెప్పు. అడగ్గానే ఫోను పట్టుకుంది. పాపం చేతులు వణికి సగం మసకగా వచ్చింది, కానీ అదే సహజంగా ఉందన్నారు అందరూ. మంచి పనిమనిషి దొరికింది, పోగొట్టుకోకు.

గురువారం ఎన్నింటికి రావాలో రాయి.

నీ గడుగ్గాయి

*

చిరంజీవి పేజీ యజమానురాలికి,

థాంక్స్ అందాయి. చేతులు వణికిన మాట నిజమే. ఫోను బరువుకి కాదు.

నువ్వు వాటేసుకున్నది మా అక్కని. తను వెటకారం చెయ్యలేదు, నువ్వెవరో తెలియక అడిగింది. ఆ గదిలో నిజాయితీగా మాట్లాడింది తనొక్కతే. శాలువా నాదే, చలేస్తోందంటే కప్పాను.

తలుపు తీసి "రావే" అన్నాను. నువ్వు ఫోనులో జుట్టు సర్దుకుంటూ, "బామ్మ ఎక్కడాంటీ?" అన్నావు. మాస్కు మూతికి కట్టాను గాని గొంతుకి కట్టలేదు కదా, గొంతైనా పోల్చుకుంటావని "ముందు ఆ ఫోను వదులు" అన్నాను. వదిలావు, నా చేతిలోకి. "నిలువుగా పట్టుకోండి, నన్నూ బామ్మనీ కలిపి రానివ్వండి" అన్నావు. పట్టుకున్నాను. ఆరేళ్ళుగా నా ఫోనుకి పువ్వుల బొమ్మలు పంపావు, నా గొంతు వినే అవసరం నీకెప్పుడు పడింది? ఫోనులోంచి చూస్తే ఏడుపు బాగానే ఏడ్చావు. ఏడిస్తే నీ ముక్కు అచ్చం మీ నాన్న ముక్కులా ఎర్రబడుతుంది. నేను నిన్నే చూస్తున్నాను కాబట్టి నాకు తెలిసింది.

ఆసుపత్రిలో నీ పేరు తీయించి దర్జీ పేరు చెప్పాను. ఇన్నేళ్ళలో నాకు ఒక్క జాకెట్టూ కుదురుగా కుట్టిన పాపాన పోలేదు. కానీ రోజూ పొద్దున్నే తలుపు తట్టి "ఉన్నారా, పోయారా?" అని పలకరిస్తాడు. మాస్కు కట్టుకున్న మొదటిరోజు కూడా నన్ను చూసే అడిగాడు, అక్కని చూసి కాదు.

గురువారం నువ్వు రానక్కర్లేదు. నేను పోతే నీ పేజీలో ఎవరి ఫోటో పెట్టి ఏడుస్తావో చూడ్డానికి నేనుండను, అదొక్కటే విచారం.

గుమ్మం దగ్గర ఫోను వదలమంటే గొడుగు వదిలి వెళ్ళావు. దర్జీ కొట్లో ఇచ్చాను. మధ్యాహ్నం మూసేస్తాడు, ఆలోగా వెళ్ళి తీసుకో. "ఎవరమ్మా నువ్వు?" అని అడుగుతాడు, ఏదో ఒకటి చెప్పు. మెట్లెక్కకు.

ఇట్లు,
ఆంటీ