ఎలపట చెవి, దాపట చెవి

ఆగస్టు 8, శుక్రవారం

ఇది ఇప్పుడే రాయాలి. తెల్లారితే నిజం చెప్పకుండా ఉండటానికి నాకే ఏదో ఒక సాకు దొరుకుతుంది.

జబ్బు సోకినప్పుడు ఒంట్లోని రక్షణ కణాలకు కబురు పంపే జన్యువు ఎలుకల్లో ఏ క్రోమోజోము మీద ఉందో రెండేళ్లుగా వెతుకుతున్నాను. పదకొండో దాని మీద ఉందని గైడ్ మేడంకి చెప్పాను. ఆవిడ దాని మీద పరిశోధన పేపరు కూడా రాసేశారు.

ఏ ఎలుక ఏదో చెవి మీది గాటును బట్టి గుర్తుపడతాం. గాటు పెట్టి తోక ముక్క తీసేది ఎలుకల గది చూసుకునే అప్పన్న మావ. రక్తం తీసేది నేను. తోక ముక్కలో జన్యువులు, రక్తంలో ఆ కబురు ఎంతుందో చూసి రెండూ జతచేస్తాను. ఈరోజు నా పుస్తకం చూసి ఆయన ఆగిపోయాడు.

"ఎడం సెవని రాసినావేటి పాపా? ఇది కుడి."

"నాకు ఎదురుగా ఎడమే కదా మావా!"

"ఎద్దుకి ఎలపటంటే కుడి, దాపటంటే ఎడం అని ఎనకాల నుంచి సూసే కదా సెప్తాం. ఎలక్కి ఎదురుగొచ్చి సెప్తారేటి? మీ అయ్య దున్నడం సూడ్నేదా?"

చూశాను. పాతపట్నంలో నాన్న నాగలి వెనకే పెరిగాను. అయినా తట్టలేదు. ఆయన కుడి అన్నది నా పుస్తకంలో ఎడమై, ఒక ఎలుక రక్తాన్ని మరో ఎలుక తోకకు జతచేశాను. సాయంత్రం అన్నీ సరిచేసి చూస్తే పదకొండో క్రోమోజోము మీద ఏ జాడా మిగల్లేదు.

ఫెలోషిప్ పోతే... మా ఇంట్లో బడి గడప తొక్కిన మొదటిదాన్ని. అమ్మకి ఏమని...

మేడంకి ఇంతే రాయగలిగాను: "ఎలుకల చెవులు కుడిఎడమలు తారుమారుగా రాసుకున్నాను, పదకొండో క్రోమోజోము ఫలితం నిలవదు. తప్పు నాదే, అప్పన్నది కాదు. పేపరు పదమూడున పంపుతామన్నారు. ఆపుతున్నానని పన్నెండులోగా ఒక్క మాట రాయండి మేడం."